మీరడిగారు – మేం చెబుతాం: పాత షేరు ధరల్లో ఏది అసలు ధర?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో, మెయిళ్లలో సగానికి పైగా పాత ధరల గురించే. ఫోన్‌లో వేలితో జరిపితే ఇరవై ఏళ్ల చార్ట్ కనిపిస్తోంది కదా, ఇంక అనుమానాలెందుకు అనుకుంటాం గానీ, ఆ చార్ట్ చూసే అందరికీ టెన్షన్ పట్టుకుంటోంది. అందుకని ఈసారి ఐపీవోల ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే చోటిస్తున్నాం.

మావారు పోయాక ఆయన డీమ్యాట్ ఖాతా నేనే చూసుకుంటున్నాను. అందులో డాక్టర్ రెడ్డీస్ షేర్లున్నాయి. 2024 సెప్టెంబర్‌లో ఆ షేరు ధర ఆరు వేల పైచిలుకు అని ఆయన డైరీలో రాసుకున్నారు. ఇప్పుడు ఫోన్‌లో అదే నెల చూస్తే పదమూడు వందల పైన ఎంతో చూపిస్తోంది. డైరీ తప్పా, ఫోన్ తప్పా? – ఒక గృహిణి, గుంటూరు

రెండూ తప్పు కాదమ్మా. ఆయన రాసుకున్నది ఆ రోజు మార్కెట్‌లో నిజంగా నడిచిన ధర. ఫోన్ చూపిస్తున్నది తర్వాత సర్దిన ధర. 2024 అక్టోబర్ 28 రికార్డు తేదీగా (ఆ రోజుకు షేర్లున్నవాళ్లకే వర్తించేలా) ఆ కంపెనీ తన 5 రూపాయల ముఖ విలువ (కాగితం మీద షేరుకు రాసి ఉండే విలువ) ఉన్న షేరును 1 రూపాయి షేర్లు ఐదుగా విడగొట్టింది, దాన్నే స్ప్లిట్ అంటారు. షేర్లు ఐదు రెట్లయ్యాయి కాబట్టి ధర ఐదో వంతుకు దిగింది. పాత ధరల్ని అలాగే వదిలేస్తే చార్ట్‌లో ఒక్కరోజులో 80 శాతం కూలినట్టు పెద్ద లోయ కనబడుతుంది కదా, అది కనబడకుండా యాప్‌లవాళ్లు ఆ తేదీకి ముందున్న ధరలన్నిటినీ ఐదుతో భాగించేస్తారు. చిత్రంగా అదే సోమవారం రిలయన్స్ కూడా ఒకటికి ఒకటి బోనస్ (ఉన్న ప్రతి షేరుకూ ఉచితంగా ఇంకో షేరు) ఇచ్చి, 2,650 ప్రాంతంలో ఉన్న షేరు 1,330 చుట్టూ కనిపించేసరికి, పొద్దున్నే యాప్ తెరిచిన చాలామందికి గుండె జారిపోయింది.

మీరు చూసుకోవాల్సింది ధర కాదు, షేర్ల సంఖ్య. డైరీలో 20 షేర్లని ఉంటే డీమ్యాట్‌లో ఇప్పుడు 100 ఉండాలి. ఉంటే మీకు పైసా నష్టం లేదు. ఇంకో గుర్తు కూడా ఉంది. ముఖ విలువ మారితే ఆ షేరు ఐఎస్ఐఎన్ నంబరు, అదే ఆ పన్నెండు అక్షరాల కోడ్, మారిపోతుంది. బోనస్‌కైతే మారదు. స్టేట్‌మెంట్‌లో కంపెనీ పేరు అదే ఉండి కోడ్ వేరే కనిపిస్తే మోసమేమో అని భయపడకండి.

ఈ సర్దుబాటు ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఇన్ఫోసిస్‌ని మించింది లేదు. 1993లో పబ్లిక్ ఇష్యూలో షేరు 95 రూపాయలు. ఆ తర్వాత బోనస్‌లు ఇచ్చుకుంటూ పోయారు, మధ్యలో 2000లో ఒక స్ప్లిట్, 2004లో ఒకటికి మూడు బోనస్, 2014, 2015, 2018లో ఒకటికి ఒకటి. అప్పుడు 100 షేర్లు తీసుకుని కదలకుండా కూర్చున్నవాళ్ల దగ్గర ఇవాళ 1,02,400 షేర్లున్నాయి. అంటే ఆ 95 రూపాయల్ని ఇప్పటి లెక్కకు సర్దితే తొమ్మిది పైసల పైన కొంచెం! తొమ్మిది పైసలకు ఇన్ఫోసిస్ షేరు ఎవడూ ఎప్పుడూ కొనలేదు. మరి ఆ అంకె అబద్ధమా అంటే కాదు, పెట్టుబడి ఎన్ని రెట్లయిందో చూడటానికి అదే సరైన అంకె. అప్పట్లో పది షేర్లకు జేబులోంచి ఎంత తీయాల్సి వచ్చిందో తెలియాలంటే మాత్రం అది పనికిరాదు. అందుకే చార్ట్ ముందు కూర్చునేటప్పుడు నాకు తెలియాల్సింది ఈ రెంటిలో ఏది అని ముందు తేల్చుకోండి, సగం గందరగోళం అక్కడే పోతుంది.

2023 జూలైకి ముందు రిలయన్స్ ధరలు ఒక సైట్‌లో ఒకలా, ఇంకో సైట్‌లో ఇంకోలా ఉన్నాయి. బోనస్‌ని సర్దాక కూడా కలవడం లేదు. – కాకినాడ

మీ అనుమానం సరైన చోటే ఉంది. ఆ నెలలో జియో ఫైనాన్షియల్‌ని రిలయన్స్ నుంచి విడదీశారు. జూలై 20న పొద్దున ప్రత్యేకంగా ప్రీ-ఓపెన్ సెషన్ (మామూలు ట్రేడింగ్‌కు ముందు ధర తేల్చే సమయం) పెడితే, ముందురోజు 2,841.85 దగ్గర ముగిసిన షేరు నేషనల్ స్టాక్ ఎక్స్చేంజీ (ఎన్ఎస్ఈ)లో 2,580 దగ్గర తేలింది. తేడా 261.85, అదే జియో ఫైనాన్షియల్ విలువ అన్నమాట. ఆ తర్వాత ఆగస్టు 21న అది విడిగా లిస్టయింది. కొన్ని సైట్లు ఈ డీమెర్జర్‌ని కూడా లెక్కలోకి తీసుకుని పాత ధరలు తగ్గిస్తాయి, కొన్ని పట్టించుకోవు. స్ప్లిట్‌కీ బోనస్‌కీ అందరూ ఒకే పద్ధతి పాటిస్తారు గానీ డీమెర్జర్ దగ్గర ఎవరి దారి వాళ్లది. పన్ను లెక్కకైతే సైట్లతో పని లేదు, కొన్న ఖర్చులో 95.32 శాతం రిలయన్స్‌కి, 4.68 శాతం జియో ఫైనాన్షియల్‌కి వేసుకోమని కంపెనీయే ప్రకటించింది. 2,500కి కొన్న షేరైతే 2,383, 117.

రెండు మూడు రూపాయల తేడాలకు కారణం వేరు. క్లోజింగ్ ధర అంటే మూడున్నరకు జరిగిన ఆఖరి ట్రేడు అనుకుంటారు చాలామంది. మీరు చూస్తున్న ఆ ఏళ్ల డేటాలో అది చివరి అరగంటలో జరిగిన లావాదేవీల సగటు, అదీ ఎంత వాల్యూమ్‌కి (చేతులు మారిన షేర్ల సంఖ్యకి) అంత తూకం వేసిన సగటు. ఆఖరి ట్రేడు ధర విడిగా ఇంకో కాలమ్‌లో ఉంటుంది. పైగా రెండో ఎక్స్చేంజీ అయిన బీఎస్ఈ క్లోజింగ్ వేరు, ఎన్ఎస్ఈ క్లోజింగ్ వేరు.

2016లో కొన్న షేర్లు ఇప్పుడు అమ్మాను. 2018 జనవరి 31 నాటి ధర వేసుకోవచ్చని ఆడిటర్ గారన్నారు. ఆ ధర నేనే నెట్‌లో చూసి ఇచ్చేశాను. సరిపోతుందా? – విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, వరంగల్

నెట్‌లో ఎక్కడ చూశారన్నదే ప్రశ్న సార్. చార్ట్ చూసి ఇచ్చి ఉంటే, ఆ తర్వాత కంపెనీ బోనస్ ఇచ్చి ఉంటే, రిటర్న్ వేసేలోపు ఆడిటర్ గారికి ఇంకోసారి ఫోన్ చేయండి.

రూల్ మీకు తెలిసే ఉంటుంది, మిగతావాళ్ల కోసం చెబుతాను. 2018 ఫిబ్రవరి 1కి ముందు కొన్న లిస్టెడ్ షేర్లకు ఆ జనవరి 31న ఎక్స్చేంజీలో నమోదైన అత్యధిక ధర (క్లోజింగ్ కాదు, ఆ రోజు హై) చూడాలి. ఆ హై, అమ్మిన ధర, ఈ రెంట్లో తక్కువది తీసుకుని, దాన్ని అసలు కొన్న ధరతో పోల్చి ఎక్కువదాన్ని ఖర్చుగా చూపించుకోవచ్చు. ఆ రోజు ట్రేడింగే జరగకపోతే అంతకు ముందు ఆఖరిసారి ట్రేడైన రోజు హై.

ఇప్పుడు తిరకాసు చూడండి. 800కి 100 షేర్లు కొన్నారనుకుందాం. 2018 జనవరి 31న హై 1,000. తర్వాత ఒకటికి ఒకటి బోనస్ వచ్చి 200 అయ్యాయి, అన్నీ 900 చొప్పున అమ్మారు. చార్ట్‌లో ఆ నాటి హై 500 అని సర్ది ఉంటుంది. దాన్ని పట్టుకుని 200 షేర్లకూ 500 ఖర్చు వేస్తే లాభం 80,000. చట్టం ప్రకారం అలా కాదు. మొదటి 100 షేర్లకు సర్దని 1,000 చూడాలి, అమ్మిన ధర 900 దానికన్నా తక్కువ కాబట్టి ఖర్చు 900, లాభం సున్నా. ఆ తేదీ తర్వాత వచ్చిన బోనస్ షేర్ల ఖర్చు మాత్రం సున్నా, కాబట్టి వాటి మీద లాభం 90,000. పదివేల తేడా వచ్చేసింది. బోనస్ బదులు స్ప్లిట్ జరిగి ఉంటే 1,000ని రెండుతో భాగించడం కరెక్టే. చార్ట్ గీసేవాడికి బోనస్, స్ప్లిట్ రెండూ ఒకటే, పన్ను శాఖకు కాదు.

కాబట్టి ఈ పనికి చార్ట్ వద్దు. బీఎస్ఈ, ఎన్ఎస్ఈ వెబ్‌సైట్లలో పాత ధరల విభాగం ఉంది, కంపెనీ పేరు, తేదీ ఇస్తే ఫైలు దిగుతుంది. ఆ రోజు ఏం జరిగిందో అదే ఉంటుంది. ఉచితమే.

నాన్నగారి బీరువాలో సత్యం కంప్యూటర్స్ షేర్ సర్టిఫికెట్లు దొరికాయి, మొత్తం 170 షేర్లు. యాప్‌లో సత్యం అని కొడితే ఏమీ రావడం లేదు. పనికిరావు కదా? – తెనాలి

పారేయకండి! 2009 జనవరి 7న రామలింగరాజు ఉత్తరం బయటికొచ్చిన రోజు ఆ షేరు 179 ప్రాంతం నుంచి 40 రూపాయల దగ్గరకు పడిపోయింది, ఆ సంగతి మన రాష్ట్రాల్లో తెలియనివాళ్లు లేరు. కానీ కథ అక్కడ ఆగలేదు. కంపెనీని మహీంద్రా వాళ్లు తీసుకున్నారు, 2013లో టెక్ మహీంద్రాలో కలిపేశారు. ప్రతి 17 సత్యం షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లు. మీ 170కి 20 వస్తాయి. 2015లో టెక్ మహీంద్రా ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చి, 10 రూపాయల షేరును 5 రూపాయలది చేసింది, అంటే నాలుగు రెట్లు. 20 కాస్తా 80. అవి మీ నాన్నగారి పేరు మీద ఎక్కడో ఉన్నాయి.

ఎక్కడంటే, వరసగా ఏడేళ్లు డివిడెండ్ తీసుకోకపోతే షేర్లను ఐఈపీఎఫ్ అనే ప్రభుత్వ నిధికి బదిలీ చేస్తారు. చాలావరకు అక్కడికే పోయి ఉంటాయి. ముందు టెక్ మహీంద్రా రిజిస్ట్రార్‌కు (షేర్‌హోల్డర్ల రికార్డులు చూసే సంస్థకు) సర్టిఫికెట్ మీద ఉండే ఫోలియో నంబరుతో రాయండి. నిధికి వెళ్లాయని చెబితే ఐఈపీఎఫ్-5 ఫారం వేయాలి, డెత్ సర్టిఫికెట్, వారసత్వ కాగితాలు అడుగుతారు, నెలలు పడుతుంది, ఓపిక పట్టాలి. కమీషన్‌కి చేసిపెడతామనే ఏజెంట్లు తెనాలిలోనూ ఉంటారు, ముందే డబ్బు అడిగేవాడైతే దండం పెట్టి పంపేయండి.

యాప్‌లో కనబడకపోవడం మామూలే. యాప్‌లు బతికున్న కంపెనీలనే చూపిస్తాయి. ఎక్స్చేంజీలు రోజూ వదిలే భావ్‌కాపీ అనే ఫైలు ఉంటుంది, ఆ రోజు ట్రేడైన ప్రతి షేరుకూ ఒక వరస. 2009 నాటి భావ్‌కాపీ తెరిస్తే సత్యం ఇంకా అందులోనే ఉంది.

ఎల్సిడ్ ఇన్వెస్ట్‌మెంట్స్ షేరు 3.53 నుంచి ఒక్కరోజులో 2,36,250 అయిందట. లక్ష పెట్టి ఉంటే 669 కోట్లు అని ఒక వీడియోలో చెప్పారు. ఇలాంటివి ముందే కనిపెట్టడానికి పాత డేటాలో ఏం చూడాలి? – డిగ్రీ విద్యార్థి, అనంతపురం

వాల్యూమ్ కాలమ్ చూడాలి బాబూ. వీడియోలో చెప్పినవాడు చూడనిది అదే.

అంకెలు నిజమే. 2024 అక్టోబర్ 29న బీఎస్ఈలో అలాగే జరిగింది. ఇప్పుడు లెక్క వేద్దాం. లక్ష రూపాయల్ని 3.53తో భాగిస్తే 28,328 షేర్లు. ఆ కంపెనీకి ఉన్న మొత్తం షేర్లే 2 లక్షలు! అందులో నాలుగింట మూడొంతులు ప్రమోటర్లవి, అంటే కంపెనీని నడిపించే యజమానులవి. బయట జనం దగ్గర ఉన్నవి 50,000 చిల్లర లేకుండా. నువ్వు లక్ష పెట్టి వాటిలో సగానికి పైగా కొనేసి ఉండాలి. ఎవడమ్ముతాడు? ఆ కంపెనీ చేతిలో ఏషియన్ పెయింట్స్ షేర్లు వేల కోట్లవి ఉన్నాయి, ఆ సంగతి షేరు ఉన్న ప్రతివాడికీ తెలుసు, అందుకే మూడున్నర రూపాయలకు అమ్మేవాడు లేక షేరు నెలల తరబడి ట్రేడే అవలేదు. ఇలాంటి హోల్డింగ్ కంపెనీల అసలు ధర తేల్చడానికి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ప్రత్యేక వేలం పెట్టమంది, ధర పరిమితి లేని ఆ వేలంలో 2,25,000 తేలి, అదే రోజు ఇంకో 5 శాతం ఎగసి ఈ రేటుకు చేరింది. 3.53 అన్నది ఎవరో ఎప్పుడో చేసిన చివరి ట్రేడు గుర్తు, అంతే. ధర ఉంది, సరుకు లేదు.

చిన్న షేర్లన్నిటికీ ఇదే పరీక్ష. వరసగా లోయర్ సర్క్యూట్ (ఒక రోజులో ధర పడగలిగే హద్దు) కొడుతున్న షేరుకి రోజూ ఒక ధర కనిపిస్తూనే ఉంటుంది, అమ్ముదామంటే కొనేవాడుండడు. ఎన్ఎస్ఈ ఫైల్లో ఎన్ని షేర్లు చేతులు మారాయి అనేదాని పక్కనే అందులో డెలివరీ (అదే రోజు తిరిగి అమ్మేయకుండా ఖాతాలోకి తీసుకున్నవి) ఎంత శాతం అన్నది కూడా ఇస్తారు, అది కూడా చూడటం అలవాటు చేసుకో.

సెన్సెక్స్ చరిత్రలో పెద్ద పతనం ఏది? మా ఆఫీసులో పందెం. – విజయవాడ

పాయింట్లలో అడిగితే ఒక జవాబు, శాతంలో అడిగితే ఇంకోటి, పందెం ఎలా రాసుకున్నారో చూసుకోండి. ఎన్నికల ఫలితాల రోజు, 2024 జూన్ 4న దాదాపు 4,390 పాయింట్లు పోయింది, అంటే 5.74 శాతం. కరోనా లాక్‌డౌన్ మొదలైన రోజుల్లో, 2020 మార్చి 23న పోయినవి 3,935 పాయింట్లే గానీ శాతంలో 13 పైన. హర్షద్ మెహతా గొడవ బయటపడ్డాక 1992 ఏప్రిల్ 28న 570 పాయింట్లు పడింది, ఈ రోజుల్లో 570 పడితే టీవీలో కింద స్క్రోలింగ్ కూడా గట్టిగా వేయరు, అప్పట్లో అది 12.77 శాతం. నన్నడిగితే శాతమే న్యాయం. పాత చార్ట్ చూసేటప్పుడు సెట్టింగ్స్‌లో లాగ్ స్కేల్ (సమాన శాతం మార్పును సమాన ఎత్తుగా చూపే కొలత) పెట్టుకోండి, లేకపోతే 1992 అంతా నేలకంటుకున్న గీతలా కనబడుతుంది.

వేదాంతా షేరు 2022 ఏప్రిల్‌లో కొన్నవాళ్లు ఏడాదిలో మూడో వంతు పోగొట్టుకున్నారని మా బావ అంటాడు, చార్ట్ కూడా అదే చెబుతోంది. నిజమా? – నిజామాబాద్

మీ బావగారు డివిడెండ్ మరిచిపోయారు. నాలుగు వందల ప్రాంతంలో ఉన్న షేరు ఏడాది తిరిగేసరికి మూడు వందల లోపుకు దిగిన మాట వాస్తవం. కానీ ఆ 2022-23లో కంపెనీ అయిదు విడతల్లో షేరుకు 101.50 డివిడెండ్ ఇచ్చింది. అది కలిపితే మిగిలే నష్టం చాలా చిన్నది, పన్ను సంగతి వేరే అనుకోండి. యాహూ ఫైనాన్స్‌లాంటి చోట అడ్జస్టెడ్ క్లోజ్ అని విడిగా ఒక కాలమ్ ఉంటుంది, స్ప్లిట్, బోనస్‌తో పాటు డివిడెండ్ కూడా అందులో కలిసిపోతుంది. మామూలు క్లోజ్ కాలమ్‌లో డివిడెండ్ ఉండదు. ఒక చిక్కేమిటంటే, కంపెనీ కొత్త డివిడెండ్ ఇచ్చిన ప్రతిసారీ ఆ కాలమ్‌లోని పాత అంకెలన్నీ కొంచెం కిందికి జరుగుతాయి. నిరుడు దింపుకున్న ఫైలుకీ ఇవాళ దింపినదానికీ కలవడం లేదని కంగారుపడుతూ రాసేవాళ్లంతా ఇది చదవండి. ఫైలు పేరులోనే దింపిన తేదీ రాసిపెట్టుకోండి. ఇండెక్స్‌ల్లో కూడా ఈ తేడా ఉంది, డివిడెండ్ కలిపినదాన్ని టీఆర్ఐ అంటారు, 2018 ఫిబ్రవరి నుంచి మ్యూచువల్ ఫండ్లు తమ పనితీరును దానితోనే పోల్చుకోవాలని సెబీ రూలు.

పైథాన్‌లో ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. ఇప్పటి నిఫ్టీ 50 కంపెనీల డేటా 2008 జనవరి నుంచి తీసుకుని, షేరు ముగింపు ధర 200 రోజుల సగటును దాటితే ఆ ధరకే కొనడం, దిగితే అమ్మడం. అదిరిపోయే రాబడి వస్తోంది. ఉద్యోగం మానేసి ఇండియా వచ్చేద్దామా అని ఆలోచిస్తున్నా. – డాలస్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీర్

ఇండియా రండి, సంతోషం. ఉద్యోగం మాత్రం ఈ ప్రోగ్రాం చూసి మానకండి.

2008 జనవరిలో కూర్చున్న మనిషికి ఇప్పటి నిఫ్టీ జాబితా ఎవరిచ్చారు? అప్పటి నిఫ్టీలో సత్యం ఉంది, యూనిటెక్ ఉంది, సుజ్లాన్ ఉంది, రిలయన్స్ కమ్యూనికేషన్స్ ఉంది. ఆ రోజు అవన్నీ పేరున్న కంపెనీలే, మీరు అప్పుడు ఈ ప్రోగ్రాం రాసి ఉంటే అవీ కొని ఉండేవారు. ఇవాళ్టి జాబితా అంటే ఈ పద్దెనిమిదేళ్లలో పడకుండా నిలబడినవాళ్లు, కొత్తగా పెరిగి లోపలికొచ్చినవాళ్లు. పరీక్ష రాసినవాళ్లలో పాసైనవాళ్లనే పిలిచి మార్కులు అడిగితే సగటు బాగానే వస్తుంది కదా.

రెండోది, ముగింపు ధర సగటును దాటిందో లేదో మార్కెట్ మూసేశాకే తెలుస్తుంది. మూసేసిన ధరకు కొనేది ఎలా? మర్నాడు పొద్దున ఓపెనింగ్ ధర వేసుకోండి. డెలివరీ మీద కొన్నా అమ్మినా 0.1 శాతం ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీల పన్ను), పైన బ్రోకరేజి, ఏడాది లోపు అమ్మితే లాభంలో 20 శాతం పన్ను, ఇవన్నీ కోడ్‌లో ఒక్కో లైనే.

ఇంకొకటి, డేటాలో వింత రోజులుంటాయి. 2012 అక్టోబర్ 5న ఒక బ్రోకర్ దగ్గర్నుంచి తప్పుడు ఆర్డర్లు పడి నిఫ్టీ క్షణాల్లో 900 పాయింట్ల దాకా జారి, ట్రేడింగ్ ఆపి, మళ్లీ మామూలైంది. ఆ రోజు కనిష్ఠ ధరకు మీ ప్రోగ్రాం కొన్నట్టు చూపిస్తే అది కాగితం మీది లాభమే. దీపావళి ముహూరత్ ట్రేడింగ్ గంటసేపే, దాని వాల్యూమ్‌ని మామూలు రోజుతో పోల్చకూడదు. 2025 ఫిబ్రవరి 1 శనివారం, అయినా బడ్జెట్ కాబట్టి మార్కెట్ నడిచింది, వారాంతాలు తీసేసే కోడ్ రాసి ఉంటే ఆ రోజు ఎగిరిపోతుంది.

పని ఎక్కువే గానీ దారి ఉంది. ఎన్ఎస్ఈ పాత భావ్‌కాపీలు రోజువారీగా దింపుకుని, ఏ ఏడాదికి ఆ ఏడాది నిఫ్టీలో ఉన్న పేర్లతో మళ్లీ నడపండి. 2024 జూలై నుంచి ఆ ఫైళ్ల కాలమ్‌లు మారాయి, కాబట్టి చదివే కోడ్ రెండు రకాలుగా రాసుకోవాలి. సత్యం ఉన్న జాబితాతో ఎంత వచ్చిందో మాకు రాయండి, వచ్చే సంచికలో వేస్తాం.